ముఠా అన్న మాటకు రెండర్థాలు: పల్నాటి కక్షలు, బెజవాడ గ్యాంగులు, లాస్ ఏంజెలెస్ పాఠం

ఈ అంశం ఎందుకు?

ముప్పాళ్ళ నుంచి కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్ళిన కుర్రాణ్ణి రూమ్మేట్ "ఏ జిల్లా?" అని అడిగితే, 2022 ఏప్రిల్ 3 దాకా గుంటూరు అనేవాడు. మర్నాటి నుంచి పల్నాడు అంటున్నాడు. ఆ మాట వినగానే అవతలివాడు ఓ నవ్వు నవ్వి, "అయితే నాటుబాంబు చుట్టడం వచ్చా?" అంటాడు. పాత పల్నాడు తాలూకా అంటే గురజాల కేంద్రంగా మాచర్ల, దాచేపల్లి వైపు ప్రాంతం. ముప్పాళ్ళ అందులో లేదు. నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక పేరు తూర్పుకు జరిగింది, పేరుతోపాటు ముద్ర కూడా జరిగింది.

గ్రూప్-1 మెయిన్స్ వ్యాసం, ఎస్సై పరీక్ష, సివిల్స్ జనరల్ స్టడీస్‌లో సమాజం, అంతర్గత భద్రత... ఎక్కడైనా ఈ అంశం రావచ్చు. ఇంటర్వ్యూలో అయితే "మీది పల్నాడు కదా, ఈ హింసకు మూలమేమిటి?" అని సూటిగానే అడుగుతారు. అప్పుడు "మా ప్రాంతం పౌరుషాల గడ్డ సార్" అన్నారంటే సమాధానం చెప్పనట్టే. పౌరుషం కారణమైతే అన్ని ఊళ్ళలో, అన్ని కాలాల్లో ఒకేలా ఉండాలి. హింస మాత్రం కొన్ని ఊళ్ళలోనే ఉంది, కొన్ని ఏళ్ళలోనే లేస్తోంది. ఏ ఏళ్ళలో లేస్తోందో గమనించండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ముందు మాట అర్థం

గుంటూరు మిర్చి యార్డులో ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. దానికో మేస్త్రీ ఉంటాడు, వచ్చిన కూలిని అందరూ పంచుకుంటారు. రైల్వేలో గ్యాంగ్ అంటే పట్టాలు కాపాడే కార్మికులు. అదే మాట పోలీస్ స్టేషన్ రికార్డులోకెక్కితే నేరస్థుల గుంపు అవుతుంది. ఇది మాటల గారడీ కాదు. కలిసి పని చేసుకోవడానికో, ఒకరినొకరు కాపాడుకోవడానికో కూడిన జట్టు, పని పోయాకో నాయకుడు పోయాకో ఏమవుతుంది? వీధి హింస మీద వచ్చిన మంచి అధ్యయనాలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఈ పాఠానికీ అదే తాళంచెవి.

మన వాడుకలో ముఠా, వర్గం, పార్టీ మూడూ ఒకటి కావు. వర్గం ఊరిని బట్టి, బంధుత్వాన్ని బట్టి ఏర్పడుతుంది. పార్టీ ఎన్నికల గుర్తు. నగరంలో ముఠాకు పేట, స్టాండు, కాలేజీ గేటు హద్దులు. పల్లెలో "మన పార్టీవోళ్ళు" అంటే మాత్రం ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి. జవాబులో ఈ తేడా ఒక్క వాక్యంలో రాస్తే చాలు, దిద్దేవారికి మీరు విషయం తెలిసి రాస్తున్నారని అర్థమవుతుంది.

ఒక డాక్యుమెంటరీ, ఒక మాజీ ముఠా సభ్యుడు

క్లీ స్లోన్ లాస్ ఏంజెలెస్‌లో ఏథెన్స్ పార్క్ బ్లడ్స్ అనే ముఠాకు చెందినవాడు. మైక్ డేవిస్ 1990లో రాసిన ‘సిటీ ఆఫ్ క్వార్ట్జ్’ అతని చేతికి వచ్చింది. అది చదివాక, అసలు మేమెక్కణ్ణుంచి వచ్చామని వెతుక్కుంటూ 2005లో ‘బాస్టర్డ్స్ ఆఫ్ ది పార్టీ’ అనే డాక్యుమెంటరీ తీశాడు. పేరులోని పార్టీ అంటే 1960ల నల్లజాతి రాజకీయ ఉద్యమం, ముఖ్యంగా బ్లాక్ పాంథర్ పార్టీ. తండ్రి పోయిన ఇంట్లో దిక్కులేకుండా పెరిగిన పిల్లలం మేమని ఆ పేరులో ఉన్న బాధ. 2008లో స్టేసీ పెరాల్టా తీసిన ‘క్రిప్స్ అండ్ బ్లడ్స్: మేడ్ ఇన్ అమెరికా’ కూడా ఇదే కథను తవ్వింది.

కథ క్రమం ఇది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్యాక్టరీ పనుల కోసం దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు లాస్ ఏంజెలెస్ చేరాయి. తెల్లవారి పేటల్లో నల్లవారికి ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే షరతులు రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చినా పేటల హద్దులు కదల్లేదు. హద్దు దాటి వచ్చిన నల్ల కుర్రాళ్ళను తెల్ల కుర్రాళ్ళ గుంపులు కొట్టేవి. ఆ దెబ్బలు కాచుకోవడానికి స్లాసన్స్, గ్లాడియేటర్స్ లాంటి క్లబ్బులు లేచాయి. మొదటి జట్టు పుట్టింది కాపలా కోసమన్నమాట.

1965 ఆగస్టులో వాట్స్ పేట తగలబడింది. 34 మంది చనిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళు వింత జరిగింది. క్లబ్బుల్లో కొట్టుకున్నవారే రాజకీయాల్లోకి మళ్ళారు. స్లాసన్స్ నాయకుడు బంచీ కార్టర్ లాస్ ఏంజెలెస్‌లో బ్లాక్ పాంథర్ శాఖ పెట్టాడు. 1969 జనవరి 17న ఆయన్నూ, జాన్ హగిన్స్‌నూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే కాల్చి చంపారు. ఎఫ్‌బీఐ అప్పటికే కోఇంటెల్‌ప్రో పేరుతో ఇలాంటి సంస్థల మధ్య చిచ్చుపెట్టే రహస్య పథకం నడుపుతోంది. పెద్దలు చనిపోయారు, కొందరు జైళ్ళకు పోయారు. చిన్నవాళ్ళకు మిగిలింది జట్టు కట్టడం తెలిసిన చేతులు, ఎందుకు కట్టాలో చెప్పేవాళ్ళు లేని వీధి. క్రిప్స్ ముఠా పుట్టింది సరిగ్గా ఆ రోజుల్లో. దాని దెబ్బ కాచుకోవడానికి బ్లడ్స్. 1970లు, 80ల్లో టైర్ల ఫ్యాక్టరీలు, కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అదే సమయంలో క్రాక్ కొకైన్ వచ్చింది. ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికిన కూలి మూలమలుపు దగ్గర దొరకడం మొదలైంది.

పరీక్షకు ఇందులోంచి పట్టుకోవాల్సిన వరుస: వెలి, ఆత్మరక్షణ, రాజకీయం, నాయకత్వ శూన్యం, నిరుద్యోగం, అక్రమ సంపాదన. వాట్స్, 1965 అని గుర్తుంచుకుంటే చాలదు. ఒక దశ నుంచి రెండో దశకు ఎలా జారిందో చెప్పాలి.

మన దగ్గర అచ్చమైన ఉదాహరణ: విజయవాడ

నగర వీధి ముఠా అంటే మనకు ముందు గుర్తొచ్చేది బెజవాడ. రైల్వే జంక్షన్, లారీ రవాణా కేంద్రం, కాలవగట్ల వెంట పెరిగిన పేదల గుడిసెలు, చుట్టుపక్కల జిల్లాల పిల్లలతో నిండిన కాలేజీలు. రిక్షా స్టాండు, ఆటో స్టాండు, లారీ యూనియన్, ఇళ్ళ పట్టా... వీటిలో ప్రతిదానికీ అడగడానికో మనిషి కావాలి. మొదట ఆ మనిషి కమ్యూనిస్టు నాయకుడు. చలసాని వెంకటరత్నం హత్య 1970ల మొదట్లో జరిగింది. ఆ తర్వాత పేదల పక్షాన నిలిచినవాడిగా పేరుపడ్డ వంగవీటి రాధా 1974లో హత్యకు గురయ్యారు. తమ్ముడు మోహనరంగా ఆ స్థానంలోకి వచ్చారు. మొదట ఒక్క గూటిలోనే ఉన్న దేవినేని సోదరులు విడిపోయి వేరే విద్యార్థి సంఘం కట్టారు. దేవినేని గాంధీ 1979లో, మురళి 1988లో హతులయ్యారు. అదే ఏడాది డిసెంబరు 26న నిరాహార దీక్ష శిబిరంలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య జరిగింది. ఆ తర్వాత నగరంలోనూ కోస్తా జిల్లాల్లోనూ చెలరేగిన అల్లర్లు పదుల ప్రాణాలు తీశాయి. కర్ఫ్యూ పెట్టారు.

దీన్ని చాలామంది రెండు కులాల గొడవగా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కులం ఉంది, కాదనలేం. అయితే కులం లెక్క మొదటి రోజు నుంచే అంత గట్టిగా లేదు. ఒక్క సంఘంలో కలిసి తిరిగినవారు విడిపోయారు, ఒక్కో హత్యతో గీత లోతయింది, చివరికి ఆ గీత కులం గీత అయింది. లాస్ ఏంజెలెస్‌లో క్రిప్స్, బ్లడ్స్ ఇద్దరూ నల్లజాతి పిల్లలే కదా! కత్తి ఎప్పుడూ పక్క వీధివాడి మీదికే లేస్తుంది. పట్టా ఇవ్వని ఆఫీసు మీదికి లేవదు.

యూనియన్ నాయకుల తరం పోయాక మిగిలిందేమిటో 2020 మే 30న పటమటలో కనిపించింది. ఒక అపార్ట్‌మెంట్ సెటిల్‌మెంట్ దగ్గర మొదలైన గొడవకు రెండు కుర్ర ముఠాలు పట్టపగలు కత్తులు, రాడ్లు, కారప్పొడితో వీధిలో కొట్టుకున్నాయి. ఒకరు చనిపోయారు. ఆ ముఠాలకు యూనియన్ లేదు, జెండా లేదు, సిద్ధాంతం అసలే లేదు. వాటి కింది మెట్టులో గంజాయి మత్తులో తిరిగే ‘బ్లేడ్ బ్యాచ్’ ఉంది.

పల్నాడు: కోడిపందెం నుంచి ఏకగ్రీవం దాకా

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం ప్రిలిమ్స్‌కు నిత్యం వచ్చేదే. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు, నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారెంపూడి, నాగులేరు, 1182 ప్రాంతం. బ్రహ్మనాయుడి చాపకూడు కులాల హద్దు చెరిపిన సహపంక్తి భోజనం. కన్నమదాసు ఆయన సేనలో దళిత వీరుడు. కార్తీక మాసంలో కారెంపూడిలో వీరుల ఉత్సవాలు ఇప్పటికీ జరుగుతాయి. ఇవి బిట్లు. మెయిన్స్‌కు పనికొచ్చే ముక్క వేరే ఉంది. ఆ కథలోని కోడిపందెంలో ఓడినవారికి పడిన శిక్షేమిటి? ఏడేళ్ళు ఊరొదిలి పోవడం.

ఇప్పుడు 2019 సెప్టెంబరుకు రండి. దుర్గి మండలం ఆత్మకూరు పేరు రాష్ట్రమంతా మోగింది. ఊళ్ళోంచి తరిమేశారని కొన్ని కుటుంబాలు గుంటూరులో శిబిరంలో తలదాచుకున్నాయి, వారిని ఊరికి పంపే పేరుతో పెద్ద రాజకీయ యుద్ధమే జరిగింది. 2024లో ప్రభుత్వం మారాక ఇదే ఫిర్యాదు అవతలి పార్టీ నోట వినిపించింది. కొట్టడం, నరకడం వార్తల్లోకి వస్తుంది. ఊరొదలడం అంతగా రాదు. కానీ పల్నాడు కక్షల్లో అసలు శిక్ష అదే. మిరప ఎకరాకు ముందే లక్షలు పోయాల్సిన పంట. నారు పోసినప్పటి నుంచి కోత దాకా మనిషి పొలం మీదే ఉండాలి. ఒక్క సీజన్ ఊళ్ళో లేకపోతే పంట పోతుంది, అప్పు మిగులుతుంది, కౌలు చేతులు మారుతుంది. గొడ్డలి వేటు తగలకుండానే కుటుంబం కూలిపోతుంది.

మరి ఊళ్ళో దేనికోసం ఇంత? నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళొచ్చాయి. కుడికాలువ నీటితో మెట్ట పొలం మాగాణి అయింది, భూమికి విలువ వచ్చింది, తూము దగ్గర ఎవరి మాట చెల్లుతుందన్నది బతుకు ప్రశ్న అయింది. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపురాయి ఉంది. అక్రమ క్వారీయింగ్ మీద కేసులు హైకోర్టు దాకా వెళ్ళాయి. ఇవి పెద్ద వాటాలు. చిన్న వాటాలు ఇంకా ముఖ్యం: రేషన్ డీలరు, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు, మధ్యాహ్న భోజనం ఏజెన్సీ, సొసైటీ అధ్యక్షుడు, ఊరి చివర సిమెంటు రోడ్డు కాంట్రాక్టు. ప్రభుత్వం మారితే డీలరు మారతాడు. ఫీల్డ్ అసిస్టెంటు మారతాడు. ఓడినవాడు పెన్షన్ కోసం కూడా గెలిచినవాడి గుమ్మం తొక్కాలి. గెలుపుకు ఊరంతా, ఓటమికి ఏమీ లేదు అన్న లెక్క ఉన్నంతకాలం ఎన్నిక ఓట్ల పోటీలా ఉండదు, కాపలా కాయాల్సిన కోటలా ఉంటుంది. అందుకే హింస ఎన్నికల ఏళ్ళలోనూ, ప్రభుత్వం మారిన మొదటి నెలల్లోనూ లేస్తుంది. రాయలసీమ ముఠాల మీద రాసిన హక్కుల నాయకుడు కె. బాలగోపాల్ (1952–2009) కూడా పౌరుషం కథల్ని పక్కనపెట్టి కాంట్రాక్టులు, అధికారం, వనరుల మీద చూపు నిలిపారు.

రెండు తేదీలు రాసుకోండి. 2021 మార్చి మున్సిపల్ ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్ళ పట్టణాలు రెండూ ఏకగ్రీవమయ్యాయి. 73, 74 రాజ్యాంగ సవరణలు స్థానిక ప్రజాస్వామ్యం తెచ్చాయని మనం పాఠం చెప్పుకుంటాం. ఒక పట్టణం మొత్తంలో ఎవరూ పోటీ చేయకపోవడం ఐకమత్యమా, భయమా అని అడగడం ఆ పాఠంలో భాగమే. రెండోది 2024 మే 13. పోలింగ్ రోజున రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. మాచర్ల, నరసరావుపేట, గురజాల వైపు దాడులు జరిగాయి. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసి, ప్రత్యేక దర్యాప్తు బృందం వేయించింది. కౌంటింగ్ రోజులకు బంకుల్లో సీసాల్లోకి పెట్రోలు పోయొద్దని ఆదేశాలొచ్చాయి. ముప్పాళ్ళలాంటి ఊళ్ళలో మోటారు ఇంజనుకు డబ్బాలో తెచ్చుకునే రైతుకు ఆ వారం ఎలా గడిచిందో ఏ నివేదికలోనూ ఉండదు.

పౌరుషం గురించి ఒక ఉదాహరణ చాలు. 1922 ఫిబ్రవరిలో పుల్లరి పన్ను కట్టబోమని మించాలపాడులో నిలబడి బ్రిటిష్ తూటాలకు చనిపోయిన కన్నెగంటి హనుమంతు ఈ నేలవాడే. అదే జట్టు, అదే తెగువ. ఎదుట ఉన్నది పక్క వీధివాడు కాదు, అడవిలో పశువులు మేస్తే పన్నడిగిన సర్కారు.

చట్టం ఏమంటోంది?

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. పాత సెక్షన్ నంబర్లు రాస్తే మార్కు పోతుంది.

భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 111 వ్యవస్థీకృత నేరం గురించి, 112 చిన్న తరహా వ్యవస్థీకృత నేరం గురించి చెబుతాయి. ఐపీసీలో ఈ పేరుతో నేరమే లేదు. అక్రమ సమూహం సెక్షన్ 189, ఉమ్మడి లక్ష్యం బాధ్యత 190, దొమ్మీ 191.

భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో పాత 144 ఇప్పుడు 163. జనం ‘బైండోవర్’ అని పిలిచే పూచీకత్తుల్లో శాంతి కాపాడే పూచీకత్తుకు పాత 107 స్థానంలో 126, మంచి నడవడి పూచీకత్తుకు పాత 110 స్థానంలో 129. భూమి స్వాధీనం తగాదాతో శాంతిభంగం భయముంటే పాత 145 ఇప్పుడు 164.

నాటుబాంబులకు 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం. బూత్ ఆక్రమణకు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 135ఏ, రీపోలింగ్‌కు 58, 58ఏ. గూండాలు, భూకబ్జాదారుల ముందస్తు నిర్బంధానికి 1986 నాటి రాష్ట్ర చట్టం, అదే మనం పీడీ యాక్ట్ అనేది. మూడు నెలలు దాటిన నిర్బంధానికి ఆర్టికల్ 22 ప్రకారం సలహా మండలి అనుమతి కావాలి.

రౌడీ షీటు మాత్రం శాసనసభ చేసిన చట్టంలోంచి వచ్చింది కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లలోంచి వచ్చింది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించాక, ఈ పద్ధతికి చట్టబలం ఉందా అన్న ప్రశ్న 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ చర్చకొచ్చింది. నా అభిప్రాయం చెప్పాలంటే, 20 ఏళ్ళ కుర్రాడి ఫొటో ఆ షీటు మీద అంటించి ఆదివారం ఆదివారం స్టేషన్‌కు రప్పిస్తే, వాణ్ణి కొలువులో పెట్టుకునేవాడు ఊళ్ళో ఒక్కడే మిగులుతాడు. ఆ ఒక్కడికి అలాంటి కుర్రాళ్ళే కావాలి.

ఆపడానికి జరిగిన ప్రయత్నాలు

ఇక్కడ అభ్యర్థులు "విద్య, ఉపాధి, అవగాహన" అని మూడు ముక్కలు రాసి ముగిస్తారు. వాటికి మార్కులు రావు. జరిగినవి చెప్పండి.

1992 ఏప్రిల్ చివర్లో, లాస్ ఏంజెలెస్ మళ్ళీ తగలబడటానికి ఒక్కరోజు ముందు, వాట్స్ ముఠాలు సంధి చేసుకున్నాయి. దానికి 1949 ఈజిప్టు–ఇజ్రాయెల్ యుద్ధవిరమణ ఒప్పందాన్ని నమూనాగా తీసుకున్నారు. రెండు దేశాలు ఒప్పందం చేసుకునే పద్ధతిలో వీధి పిల్లలు ఒప్పందం చేసుకున్నారన్నమాట. బోస్టన్ 1990ల్లో ‘ఆపరేషన్ సీజ్‌ఫైర్’ నడిపింది. ఎక్కువ హింసలో ఉన్న కొద్దిమందిని నేరుగా పిలిచి, ఆగితే సాయం, ఆగకపోతే కేసు అని ముఖం మీదే చెప్పడం దాని పద్ధతి. షికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే వైద్యుడు హింసను అంటువ్యాధిలా చూశాడు. ఒక హత్య జరగ్గానే ప్రతీకారం అంటుకోకముందే మాజీ ముఠా సభ్యులు ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. 2011లో స్టీవ్ జేమ్స్ తీసిన ‘ది ఇంటరప్టర్స్’ డాక్యుమెంటరీ వారి కథే.

మన ఊళ్ళలో రాజీ కొత్త కాదు. పెద్దమనుషులు కూర్చుంటారు, సాక్షులు కోర్టులో మాట మారుస్తారు, కేసు కొట్టేస్తారు. చాలా కక్షలు అలాగే చల్లారాయి, అది నిజం. అయితే ఆ రాజీ ఇద్దరు నాయకుల మధ్య. కత్తి పట్టిన కూలివాడి పిల్లకు, భర్త పోయిన ఆడమనిషికి అందులో కూర్చునే చోటు లేదు. పోలీసు పికెట్ కూడా అంతే. ఉన్నన్నాళ్ళు శాంతి, ఎత్తేసిన మర్నాడు మొదటికి. డీలరు, ఫీల్డ్ అసిస్టెంటు నియామకాలు ఎమ్మెల్యే సిఫార్సుతో సంబంధం లేకుండా రాతపూర్వక నిబంధనతో, నిర్ణీత గడువుతో జరిగితే ఓటమి ధర తగ్గుతుంది. ధర తగ్గిన ఓటమికి ఎవడూ బాంబు చుట్టడు. ఈ వాదనతో మీరు ఏకీభవించకపోవచ్చు, కానీ జవాబులో ఇలా ఏదో ఒక స్పష్టమైన వాదన ఉండాలి.

అభ్యాస ప్రశ్నలు

1. భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరానికి సంబంధించిన సెక్షన్ ఏది? పాత ఐపీసీతో పోలిస్తే ఇందులో కొత్తదేమిటి? (100 పదాలు)

2. లాస్ ఏంజెలెస్ 1969, విజయవాడ 1988 ఘటనలను పోల్చి, నాయకుడి హత్యకూ ముఠా స్వభావం మారడానికీ ఉన్న సంబంధాన్ని చర్చించండి. (250 పదాలు)

3. "పల్నాడు హింసకు మూలం చరిత్రలో లేదు, తూము దగ్గర, రేషన్ షాపు దగ్గర ఉంది." మీ మండలం నుంచి ఉదాహరణ ఇస్తూ ఈ మాటను సమర్థించండి లేదా ఖండించండి. (250 పదాలు)

4. వ్యాసం: ముఠా అన్న మాటకు మిర్చి యార్డులో ఒక అర్థం, స్టేషన్ రికార్డులో మరో అర్థం. మొదటి అర్థం రెండోదిగా మారే చోటు ఏది? (1000 పదాలు)